దొర వెంట వచ్చిన బుట్ట

చచ్చిపోయిన వాళ్ళకు బట్టలు తొడగడం నా ఉద్యోగం. ఇలా అంటే మా ఇంట్లో పిల్లలు నవ్వుతారు గాని, అందులో అబద్ధం లేదు. యాంగోన్‌లో, లమ్మడా వీధుల్లో ఒక పాత ఫొటో స్టూడియోలో టచింగ్ పని చేసి రిటైరయ్యాను. మీరు ఫోను మీద వేలితో రుద్దితే ముఖంలో మచ్చ పోతుంది కదా, ఆ వేలు చేసే పని నేను సన్న కుంచెతో, సూదిలా చెక్కిన పెన్సిలుతో చేసేవాణ్ణి. ఆ పనిలో కళ్ళు దెబ్బతిన్నాయి, మెడ వంగిపోయింది.

మన వాళ్ళలో ఎవరైనా పోతే ఇంట్లో పటం ఉండాలి. పెద్దలకు పెట్టుకునే రోజున విస్తరి వేసేది ఆ పటం ముందే. కాని రేవులో మూటలు మోసిన తాతలకు బతికుండగా స్టూడియోకు వచ్చే తీరిక ఎక్కడిది? అందుకని ఏ పెళ్ళి ఫొటోలోనో వెనక వరసలో సగం కనిపించే ముఖాన్ని మా దగ్గరికి పట్టుకొచ్చేవారు. నేను ఆ ముఖాన్ని పెద్దది చేసి, కింద ఒళ్ళు గీసేవాణ్ణి. చొక్కా ఎరగని తాతకు కోటు వేశాను. మెడలో నల్లపూసలు తప్ప ఏమీ లేని అమ్మమ్మకు కాసులపేరు పెట్టాను. ఒక ఇంట్లో, నేను కుంచెతో వేసిన కాసులపేరును ఎవరు కాజేశారని అన్నదమ్ములు మాటలు మానుకున్నారు. నేనే వెళ్ళి, అది నగ కాదు రంగు అని చెప్పాను. వాళ్ళు నన్ను కూడా అనుమానంగా చూశారు.

అబద్ధాల పని కదా అని మీరనొచ్చు. అవును, అడిగిన వాళ్ళ కోసం, వాళ్ళకు తెలిసి చేసిన అబద్ధం. ఇది ముందే చెప్పుకోవడానికి కారణం ఉంది. నా చివరి పనిలో ఒక చదువుకున్నావిడ నాకు నిజం గురించి పాఠం చెప్పింది. ఆ కోపం ఇంకా తగ్గలేదు. తగ్గాక రాద్దామనుకుంటే ఈ జన్మకు రాయలేను.

అప్పటికే స్టూడియోలో డార్క్ రూము మూతపడినట్టే ఉంది. పాస్‌పోర్టు ఫొటోలు, లామినేషన్లు, అంతే. స్టూడియో యజమాని బర్మీయుడు, నాకంటే పెద్ద. నేనాయన్ని కోజీ అని పిలిచేవాణ్ణి, పెద్దన్న అని అర్థం. ఆయన నన్ను సయా అనేవాడు, అంటే మాస్టారు. ఒకరోజు కోజీ మెట్లెక్కి వచ్చి, డార్క్ రూము దులపమన్నాడు. ఒక గ్యాలరీ నుంచి పని వచ్చిందట. దొరల కాలం నాటి గాజు నెగెటివులు, వాటి నుంచి పాత పద్ధతిలో చేత్తోనే ప్రింట్లు తీయాలి. కరెంటు ఉన్నప్పుడు పని, పోయినప్పుడు టీ. నాకు పెళ్ళినాటి ఉత్సాహం వచ్చింది.

ఆ గాజు పలకలు ఒక దొరవి. వాటిని ఇప్పుడు విదేశంలో ఉన్న ఆయన వారసులు గ్యాలరీకి ఇచ్చారు. ఆయన ముందు ఆఫ్రికాలో ఒక రక్షిత రాజ్యంలో కొలువు చేసి, ఆ తర్వాత ఈ ఊరికే, అప్పటి రంగూనుకు, బదిలీ అయి వచ్చాడు. రక్షిత రాజ్యమట. ఎవరి నుంచి ఎవరిని రక్షించారో నాకు ఇప్పటికీ తెలియదు, అక్కడి వాళ్ళకూ తెలిసి ఉండదు. రెండు చోట్లా పెట్టె కెమెరా వేసుకు తిరిగి, జనం రోజూ ఎలా బతుకుతారో తీశాడని చెప్పారు. ప్రదర్శనకు పేరు కూడా అదే పెట్టారు, నిత్య జీవితం అని.

పని మాత్రం గొప్పగా ఉంది, అది ఒప్పుకోవాలి. దొరకు వెలుగు తెలుసు. ప్రింట్లు కడిగి తాడుకు క్లిప్పులు పెట్టి ఆరేస్తుంటే నేనూ కోజీ నోరు తెరిచి చూసేవాళ్ళం. ఒక రోజు పక్కపక్కన రెండు ప్రింట్లు పడ్డాయి. ఒకదానిలో ఆఫ్రికా ఆడమనిషి, నెత్తిన బుట్ట, ఒక చెయ్యి పైకెత్తి బుట్ట అంచు పట్టుకుంది. రెండో దానిలో మన మనిషి. మోకాలి కిందికి కట్టిన చీర, ముక్కుకు కమ్మి, ముంజేతి మీద పచ్చబొట్టు, నెత్తిన బుట్ట, అదే చెయ్యి పైకి. ఇద్దరి వెనకా ఒకటే గుడ్డ తెర. కింద రంగూను రేవు కూలీ అని రాయమని గ్యాలరీ వాళ్ళు ఇచ్చారు.

కోజీ రెండో ప్రింటును మొదటి దాని దగ్గరికి జరిపాడు. బుట్ట అంచు ఒక పక్క విరిగి ఉంది. విరిగిన చోట నల్ల గుడ్డ పేలికతో కట్టారు. రెండు ఫొటోల్లోనూ విరుపు అక్కడే ఉంది, పేలికా అక్కడే ఉంది. అంటే ఆ బుట్ట ఆఫ్రికాలో ఒకావిడ నెత్తి దిగి, దొర సామాన్లతో ఓడెక్కి, రంగూనులో మరొకావిడ నెత్తికెక్కింది. ఆ ఇద్దరి నిత్య జీవితాన్నీ దొర తన ట్రంకు పెట్టెలోనే పెట్టుకు తిరిగాడు.

ఇది కనిపెట్టినందుకు మేమేదో పొడిచేశామనుకున్నాం. ప్రదర్శన నడిపే క్యూరేటరమ్మ ప్రింట్లు చూడడానికి వచ్చినప్పుడు చూపించాం. ఆవిడ మన నగరం మనిషే, పై దేశంలో చదువుకుని వచ్చింది. మా వేలు చూపించిన చోటు చూడకుండానే నవ్వింది. ఆ సంగతి ఆవిడకు ముందే తెలుసట. తన పుస్తకంలో దాని మీద ఒక అధ్యాయమే రాస్తోందట. మరి గోడ మీద ఫొటో కింద రాస్తారా అని అడిగాను. అక్కడ చోటు తక్కువ, వచ్చిన వాళ్ళు తికమక పడతారు అంది. పుస్తకం ఏ భాషలో అంటే ఇంగ్లీషులో అంది.

తెలియక చేస్తే నాకు కోపం ఉండేది కాదు. అన్నీ తెలిసి, రేవు కూలీ అని అచ్చు వేయించడానికి ఎంత నిబ్బరం కావాలి? అప్పుడు మాత్రం నోరు మెదపలేదు. చాలా ఏళ్ళ తర్వాత చేతికి పని దొరికింది, నోరు దానంతటదే మూసుకుంది.

ఆ ఆదివారం మన తెలుగువాళ్ళు కలిసే గుడిలో ఈ బుట్ట కథ చెప్పాను. విన్నవాళ్ళలో ఒక పెద్దావిడ ఉంది. వరసకు నాకు అక్క, మా వాడుకలో అప్ప అంటాం. మింగళ తౌంగ్‌న్యున్‌లో, రైల్వే స్టేషను వెనక ఉంటుంది. ఎనభై దాటినా మాట పదును తగ్గలేదు. ఆవిడ వాళ్ళ మామ్మ, అంటే నాన్నకు అమ్మ, ఓడలో వచ్చిన తరం. అప్ప ఇంట్లో గోడ మీద అందరి పటాలూ ఉన్నాయి, సగానికి పైగా నేనే చేశాను. మామ్మ పటం ఒక్కటే లేదు, ఎందుకంటే ముఖం దొరకలేదు. పెద్దలకు పెట్టుకునే రోజున మామ్మ విస్తరి ఉత్త గోడకు ఎదురుగా వేసేవారు.

మర్నాడు అప్ప మనవరాలి భుజం పట్టుకుని మా స్టూడియో మెట్లన్నీ ఎక్కి వచ్చింది. మనవరాలు బ్యాంకులో పని చేస్తుంది, తెలుగు అర్థమవుతుంది, మాట్లాడేది సగం బర్మీసు. నేను ప్రింటు చేతికిచ్చాను. అప్ప కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

“మా మామ్మ కూలి కాదు తమ్ముడా,” అంది. “కూలోళ్ళకి వొండిపెట్టీది. బాడుగిళ్ళలో ఉండీ మొగోళ్ళందరికీ గంజి కాసీది ఈవిడే. ఓపాలి దొర నిలబెట్టి, ఎవుర్దో బుట్ట నెత్తినెట్టీసి, ఊపిరి తియ్యొద్దన్నాడని సెప్పీది. మా అయ్యకి సెప్పింది, మా అయ్య నాకు సెప్పినాడు.”

తర్వాత బుట్ట మీద వేలు పెట్టింది. “సూడు, కింద సుట్టకుదురు కూడా లేదు. బరువెత్తీ ఆడది గుడ్డ సుట్టకండా బుట్టెత్తుతాదేటి?”

ఈ ఫొటోలో ఉన్నది ఖాయంగా అప్ప వాళ్ళ మామ్మేనా? నేను కోర్టులో సాక్ష్యం చెప్పమంటే చెప్పలేను. దొర పెట్టె ముందు ఇంకెందరిని నిలబెట్టాడో ఎవరికి తెలుసు. మనవరాలు కూడా నెమ్మదిగా అదే అంది. అప్ప విసుక్కోలేదు. మా మామ్మ కాకపోతే ఇంకెవరి మామ్మో అయ్యుంటుంది, ఆ ఎవరో రాలేదు, నేనొచ్చాను అంది. పటం చేసి ఇమ్మంది. బుట్ట మాత్రం తీసెయ్యమంది.

నా జీవితమంతా చేసిన పనే అది. కాని కోజీ గ్యాలరీకి సంతకం పెట్టి ఇచ్చాడు, బయటికి ఒక్క ప్రింటు పోకూడదు, బొమ్మలో ఒక్క చుక్క మారకూడదు. కనుక క్యూరేటరమ్మను అడిగాను. అప్ప గురించి చెప్పాను, విస్తరి గురించి చెప్పాను. ఆవిడ ఓపికగానే విన్నది. నాకిష్టం లేకపోయినా ఆ మాట చెప్పాలి. ప్రింటు ఇవ్వడం తన చేతిలో లేదంది, పలకలు దొర వారసులవి. ఇక బుట్ట తీయడం గురించి, అది చరిత్రను దిద్దడం అంది. దొర చేసిన మోసం కూడా చరిత్రే, దాన్ని చెరపకూడదంది. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. మోసాన్ని మోసమని గోడ మీద రాసి ఉంటే నేనూ ఒప్పుకునేవాణ్ణి. మోసాన్ని నిత్య జీవితమని రాసి, దాన్ని ముట్టుకుంటే పాపం అంటే నాకు ఒళ్ళు మండింది.

పోనీ చూడడానికైనా రమ్మనండి, ప్రారంభం రోజున అందరికీ ఆహ్వానమే అంది. నేను ఆ మాట గుడిలో చెప్పాను. ఇంకేమీ చెప్పలేదు. ప్రదర్శన అంటే ఏమిటో, అక్కడ ఎలా మసలుకోవాలో విడమర్చి చెప్పాల్సింది. అది నాకు తట్టలేదు, మా వాళ్ళకు అంతకంటే తట్టలేదు.

ఎందుకంటే మా వాళ్ళ లెక్కలో పోయినవాళ్ళ ఫొటోలు ఫ్రేము కట్టి, గోడకు వరసగా పెట్టి, ఒక్కోదాని మీద ఒక్కో దీపం వెలిగించి, పదిమందినీ పిలిచారంటే దానికి ఒకటే అర్థం. ప్రారంభం రోజు సాయంత్రం మా వాళ్ళు వ్యాను మాట్లాడుకుని వచ్చారు. ఆడవాళ్ళు పట్టుచీరలు కట్టారు. గ్యాలరీ గుమ్మం దగ్గర చెప్పులు వరసగా విడిచారు. పూలు, కుంకుమ, అరటిపళ్ళు తెచ్చారు. లోపల చేతుల్లో గ్లాసులు పట్టుకుని మాట్లాడుకుంటున్న అతిథులు పక్కకు జరిగి దారిచ్చారు. కొందరు తమ చెప్పుల వంక చూసుకుని, ఇదేదో ఏర్పాటు కాబోలని వాళ్ళూ విడిచేశారు. నాకు నవ్వు ఆగలేదు.

అప్ప తిన్నగా మామ్మ ఫ్రేము ముందుకు వెళ్ళింది. ఒక దండ వేసి, గాజు మీద మామ్మ నుదురున్న చోట కుంకుమ బొట్టు పెట్టింది. తర్వాత పక్కన ఉన్న ఆఫ్రికా ఆవిడ ముందుకు జరిగింది. మనవరాలు చెయ్యి పట్టుకుని ఆపబోయింది, ఈవిడ మన మనిషి కాదు కదా అని.

“ఈవిడకీ ఓ మనవరాలు ఉండే ఉంటాది. అదిక్కడికి రాలేదు కదా,” అంది అప్ప. ఆమెకూ బొట్టు పెట్టింది.

ఆఫ్రికా ఆవిడది ఏ ఆచారమో మాకు తెలియదు. మన బొట్టు ఆవిడకు పెట్టడం తప్పే కావచ్చు. కాని ఆ హాలంతటిలో ఆ ఇద్దరినీ మనుషుల్లా చూసింది అప్ప ఒక్కతే.

క్యూరేటరమ్మ ముఖం పాలిపోయింది. గ్యాలరీ పనివాణ్ణి సైగ చేసి పిలిచింది. అతను అద్దాలు తుడిచే సీసా, గుడ్డ పట్టుకొచ్చాడు. దండ తీసి పక్కన పెట్టాడు. గాజు మీద నీళ్ళు చిమ్మి, గుడ్డతో ఒక్క తుడుపు తుడిచాడు. కుంకుమ ఎర్రగా మామ్మ ముఖమంతా పాకింది, ఇంకోసారి తుడిస్తే పోయింది. అతనికి అది మరక. మా ఆడవాళ్ళకు అది ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. మొగుడు పోయిన రోజున తప్ప ఆడదాని బొట్టు ఎవరూ తుడవరు.

అప్ప అరవలేదు. క్యూరేటరమ్మ వంక చూసి తెలుగులోనే అంది, మనవరాలు బర్మీసులో చెప్పింది.

“మా మామ్మ పునిస్త్రీగా ఎల్లిపోయింది. మొగుడి కంటే ముందే, బొట్టుతోనే కాల్చినారు. ఇన్నాళ్ళకి మీరు తుడిసినారు.”

క్యూరేటరమ్మకు ఆ మాట తగిలింది, అది కళ్ళలో కనిపించింది. కాని వెనక అతిథులున్నారు, కెమెరాలున్నాయి. నా దగ్గరికి వచ్చి, మీ వాళ్ళకు కాస్త నచ్చజెప్పండి అంది. అప్పుడు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. గొంతు పెంచకుండానే అడిగాను, అందువల్ల ఇంకా ఎక్కువమంది విన్నారు.

“దొర ఈవిడ నెత్తిన బుట్ట పెట్టాడు, దాన్ని చరిత్ర అన్నారు. ఈవిడ సొంత మనవరాలు నుదుట బొట్టు పెట్టింది, దాన్ని మరక అన్నారు. ఎవరు పెట్టింది ఉంచాలో, ఎవరు పెట్టింది తుడవాలో మీరెలా తేల్చారమ్మా?”

తర్వాత మాట్లాడదాం అంది. ఆ తర్వాత ఇంకా రాలేదు. మా వాళ్ళు చెప్పులు వేసుకుని, అరటిపళ్ళు వెనక్కి పట్టుకుని వ్యాను ఎక్కారు. అప్ప దండ కూడా తెచ్చుకుంది, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే స్టూడియోకు వెళ్ళాను. పలకలు తిరిగి పంపే చెక్కపెట్టె ఇంకా తయారు కాలేదు కనుక అవి మా దగ్గరే ఉన్నాయి. ఆ పలక తీసి వెలుగుకు పెట్టి చూస్తుంటే కోజీ గుమ్మంలో నిలబడ్డాడు. నా మీద నమ్మకంతో సంతకం పెట్టినవాడు ఆయన. నేను పలక కింద పెట్టలేదు. కోజీ కాసేపు చూశాడు. తన సంతకం ఉంది గనుక తను ఇక్కడ ఉండి చూడకూడదన్నాడు. కింద టీ దుకాణానికి వెళ్తున్నానని, ఇవాళ టీ తాగడానికి చాలాసేపు పడుతుందని చెప్పి, తలుపు బయటి నుంచి దగ్గరగా వేసి పోయాడు.

పలకను ముట్టుకోలేదు, అది మీకు చెప్పాలి. దాని మీద ఒక గీత కూడా పడనివ్వలేదు. ప్రింటు తీసి, ప్రింటు మీద పని చేశాను. ముందు బుట్టను వెనక తెర రంగులో ముంచాను. విరిగిన అంచు, నల్ల పేలిక, అన్నీ పోయాయి. బుట్ట తీసేస్తే నడినెత్తి లేదు కనుక అది గీయాల్సి వచ్చింది. నున్నగా దువ్విన జుట్టు, నడిమి పాపిడి పెట్టాను. కాసులపేరు పెట్టలేదు, కోటు కుట్టలేదు. ముఖం మీద కుంచె పెట్టనే లేదు. అప్పటిదాకా బరువు కింద ఉన్నట్టు కనిపించిన ముఖం, బుట్ట పోగానే కోపంగా ఉన్న ముఖమని తెలిసింది. కోపం మొదటి నుంచీ ఉంది. బుట్ట ఉండడం వల్ల మనం దాన్ని అలసట అనుకున్నాం.

ఇక చెయ్యి మిగిలింది. పట్టుకోవడానికి బుట్ట లేదు, చెయ్యి మాత్రం పైకెత్తి ఉంది. దాన్ని కిందికి దించడం నాకు పెద్ద పని కాదు. పక్కకు వేలాడేలా గీయొచ్చు, వేళ్ళ మధ్య పువ్వు పెట్టొచ్చు, ఒకప్పుడు అందరూ అలాగే అడిగేవారు. కాని ఎలా కావాలో ఇంటివాళ్ళను అడగకుండా నేను ఎప్పుడూ చెయ్యి దించలేదు. ప్రింటునూ కుంచెనూ సంచిలో పెట్టుకుని బస్సెక్కాను.

ఈ సంగతి గ్యాలరీకి ఎలాగో తెలిసింది. ఆ తర్వాత మా స్టూడియోకు వాళ్ళ దగ్గర్నుంచి గాని, వాళ్ళ స్నేహితుల దగ్గర్నుంచి గాని పని రాలేదు. కోజీ డార్క్ రూమును జిరాక్సు మిషనుకు ఇచ్చేశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. మళ్ళీ ఇలాంటి సంతకం పెట్టాల్సి వస్తే తన బదులు నన్నే పెట్టమంటానన్నాడు, అంతే.

ఆ రోజు బస్సు దిగి వెళ్ళి, అప్ప ఇంట్లో ప్రింటును చాప మీద పెట్టి అందరం చుట్టూ కూర్చున్నాం. అప్ప పాపిడి చూసింది, ముక్కు కమ్మి చూసింది, ముఖం చూసింది. నేను కుంచె తీసి, చెయ్యి ఎలా దించమంటావు అప్పా, పువ్వు పెట్టనా అని అడిగాను. ఆవిడ ప్రింటు మీద నుంచి తల ఎత్తలేదు. మనవరాలు ముందుకు వంగి, తనకు వచ్చిన తెలుగులో అడిగింది.

“మామ్మా, ఈవిడ చెయ్యి ఎందుకు అలా ఎత్తింది?”

“పొటో తీసీవోడ్ని ఆగమంటంది,” అంది అప్ప.

నేను కుంచె సంచిలో పెట్టేశాను. ఆ చేతిని ఎవరూ దించలేదు. పటం కట్టించాక, ఇన్నేళ్ళుగా ఉత్తగా ఉన్న గోడకు తగిలించి, అప్ప బొట్టు పెట్టింది. ఆ ఇంట్లో దాన్ని తుడిచేవాళ్ళు ఎవరూ లేరు.